పసుపు పూసిన సర్వే రాయి

రాండి బిడ్డలారా, ఆ చాప ఇట్లా లాక్కొని దగ్గరగా కూర్చోండి. ఫోన్లు బోర్లా పెట్టండి. గొంతెత్తి చెప్పే సంగతి కాదు ఇది. ముప్పై ఏండ్లు కడుపులో పెట్టుకొని తిరిగిన భయం. మీ అత్త కూడా లోపలినుంచి వింటా ఉంటాది, ఆమెకు తెలిసిన కథే అయినా.

నేను తలయారి పని చేసినాను. ఇప్పుడు కాయితాల్లో గ్రామ సహాయకుడని రాస్తారు. తిరువళ్లూరు నుంచి తిరుత్తణి పోయే రోడ్డు దిగి, పూండి ఏరి పక్కకు తిరిగితే మా ఊరు. చెరువును మేము ఏరి అంటాం. నేను చదివింది తెలుగు బడిలో ఐదో క్లాసు. కానీ ఊర్లో ఏ గట్టు ఎవురిదో, ఏ రాయి ఏ మూల ఉండాదో కండ్లు మూసుకొని చెప్పేవాడిని. తలయారికి చదువు కంటే జ్ఞాపకం ముఖ్యం. ఆ జ్ఞాపకమే నన్ను తిన్నది.

మా ఉద్యోగంలో ఏటా ఒక పని ఉండాది. దాన్ని అజమాయిషీ అంటారు. ఊర్లో సర్వే రాళ్లన్నీ ఉండాయా, విరిగినాయా, ఎవురన్నా పీకి పారేసినారా అని నడిచి చూసి రిజిస్టర్లో గుర్తు పెట్టాల. సారు గొడుగు పట్టుకొని గట్టు మీద నిలబడతాడు, తలయారి ముండ్లల్లోకి పోయి రాయి తల మీద కాలు పెట్టి "ఉండాది సార్" అని అరుస్తాడు. నేను అరిచినవాటిలో సగం రాళ్లు నిజంగా చూసి అరిచినవే. ఆ మిగతా సగం గురించి ఇప్పుడు అడగొద్దు.

నేను పనిలో చేరిన కొత్తలో ఒక రాయి పోయింది. అది మామ మామిడితోపుకూ పక్కన ఉండే పోరంబోకుకూ నడిమిట్ల ఉండే మూలరాయి. పోరంబోకు అంటే గవర్నమెంటు నేల. మామ అంటే నాకు పిల్లనిచ్చిన మామ, మా అమ్మకు సొంత తమ్ముడు కూడా. నాకు ఈ పని వచ్చిందీ ఆయన మాట సాయంతోనే. ఆయన ట్రాక్టరే దున్నతా దున్నతా ఆ రాయిని విరగ్గొట్టింది. మరునాడు పెద్ద సారు అజమాయిషీకి వస్తున్నాడని కబురు. రాయి పోయిందని రాస్తే మామ మీద కేసు, నామీద మెమో.

మామ తోపులోకి పిలిచి, కొత్తగా నాటిన మామిడి మొక్కల చివరికి తీసుకుపోయినాడు. పాత మూలకు అరవై అడుగులు ఇవతలికి, పోరంబోకులోకి. "రాయి ఇక్కడ నాటు" అన్నాడు.

"మామా, ఇది చోటు కాదు."

"నీకు చోటు చూపించింది నేను గదరా, ఈ రాయికి చూపించలేనా?"

నవ్వతా అన్నాడు. నేనూ నవ్వినాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నోరు చేదవుతాది.

రాయి యాడనుంచి తెస్తాం? మా పక్క దొరికేవన్నీ గుండ్రాళ్లు. సర్వే రాయి నిటారుగా, మోకాలెత్తు ఉండాల. అట్లాటి రాయి దగ్గర్లో ఒక్కటే ఉండాది. పోరంబోకు తూర్పు కొసన, మిట్ట మీద, ఇరులోళ్ల కన్నియమ్మల వరసలో.

ఇరులోళ్లంటే పాములు పట్టేవాళ్లు, ఎలుకల బొక్కలు తవ్వేవాళ్లు. ఆ మిట్ట దిగువన పది గుడిసెలు వాళ్లవి. మన ఇండ్లలో అక్కగార్లని మొక్కుతామే, వాళ్లు ఆ ఏడుగుర్నే కన్నియమ్మలంటారు. గుడి లేదు, గోడ లేదు. వరసగా ఏడు రాళ్లు, పసుపు, అంతే. ఆరు రాళ్లు వంకరటింకర. కొసన ఉండే ఏడోది మాత్రం గవర్నమెంటు రాయి మాదిరే నిటారుగా ఉండాది.

మిట్టమధ్యాన్నం పోయినాను. ఇరులోళ్లు పనికి పోయుంటారు. ఎండకు గాలి కూడా నిలిచిపోయింది. గడ్డపార వేస్తే ఆ రాయి కదల్లేదు. రెండోసారి వేస్తే కింద మట్టి పిడత ఒకటి పగిలిన చప్పుడైంది. చెప్పకూడదు గానీ, అప్పుడే వెనక్కి పోయుండాల. పోలేదు. అమ్మవారి కంటే రేపు వచ్చే సారు దగ్గరగా అగుపడినాడు.

గోనెసంచిలో చుట్టి, భుజాన మోసి, మామ చూపించిన చోట నాటినాను. తలమీద ఉలితో గుణకారం గుర్తు చెక్కినాను, సర్వే రాయికి ఉండే గుర్తు. మరునాడు సారు వచ్చినాడు. రాయి తలమీద కాలు పెట్టి, "ఉండాది సార్" అని అరిచినాను. నా కాలి కింద ఏముండాదో నాకొక్కడికే తెలుసు.

అట్లా అనుకున్నాను.

మరుసటేడు అజమాయిషీకి పోతే ఆ రాయి తలమీద పసుపుండాది. తడి పసుపు, వేళ్లు గీసిన గీతలతో. గుణకారం గుర్తు మీదుగా నుదుటికి పూసినట్టు పూసినారు.

సారు ఇంకా దూరంగా గట్టు మీద ఉండాడు. సైకిలుకు తగిలించిన నీళ్ల సీసా తీసి, గబగబా పోసి, తువ్వాలతో రుద్ది రుద్ది కడిగినాను. ఎవురికో తెలుసు. ఎవురికి? తెలిసినవాళ్లు ఎందుకు అరవరు? ఎందుకు పిటిషన్ పెట్టరు?

ఆ మరుసటేడూ పసుపే. మళ్లీ కడిగినాను. ఆ పైయేడూ. ముప్పై ఏండ్లు బిడ్డా. ఆ నెల వస్తుందంటే నాకు అన్నం దిగేది కాదు. అజమాయిషీకి పోయే పొద్దు రెండు సీసాలు నీళ్లు తగిలించుకుంటా ఉంటే మీ అత్త "ఏంది, అంత దప్పిక?" అని అడిగేది. పాము కరిస్తే మందుంది. ఎవురో చూస్తా ఉండారు, ఏమీ అనకుండా ఉండారు అనే దానికి మందు లేదు. గుడిసెల దోవన పోతే ఎవురన్నా నవ్వితే భయం, నవ్వకపోయినా భయం. వాళ్లలో ఒక ముసలామె ఉండేది, పాముల మందు ఇచ్చేది. నాకంటే ఇరవై ఏండ్లు పెద్ద. నేను ఆమెను "ఏమే" అనే పిలిచేవాడిని. ఆమె నన్ను "తలారయ్యా" అనేది. అదొక తప్పని అప్పుడు తోచలేదు.

నేను రిటైరయ్యేదానికి నాలుగు నెలలుండాది అనంగా ఊరికి ఆసుపత్రి వచ్చింది. అబద్ధం ఎందుకు, అందరికీ ఆశే. కాన్పు కష్టమైతే తిరువళ్లూరు పోయేలోపలే దోవలో ఇద్దరు బిడ్డలు పోయినారు మా ఊర్లో. కట్టేదానికి పోరంబోకు నేల కావాల. సర్వేయర్ వచ్చినాడు, మూడు కాళ్ల మిషను దించినాడు. పాత రాళ్లన్నీ మట్టిలో కూరుకుపోయినాయి. కనపడేది ఒక్కటే, నేను నాటింది. మిషను తెచ్చి సరిగ్గా దాని పక్కన నిలబెట్టినాడు. దాన్ని నమ్మి కొలిచినాడు.

కొలిస్తే ఏమైందో ఊహించుకోండి. తోపు పక్క నేలంతా మామదయింది. ఆసుపత్రికి మిగిలింది కన్నియమ్మల మిట్ట ఒక్కటే.

నేను ఒక మధ్యాన్నం చెప్పిన అబద్ధం ముప్పై ఏండ్లు పెరిగి, వచ్చి ఆ తల్లుల నెత్తిన నిలబడింది. అప్పుడు నాకు పుట్టిన భయం వేరే రకం. అంతవరకు పట్టుబడతానని భయం. అప్పటినుంచి పట్టుబడనేమో అని.

జేసీబీ వచ్చిన పొద్దు ఇరులోళ్లు అడ్డం కూర్చున్నారు. అరుపుల్లేవు. ఆడోళ్లు, పిల్లలు, మిట్ట చుట్టూరా ఊరికే కూర్చున్నారు. డ్రైవరు బండి దిగి "నాకు ఇంటికాడ చిన్న పిల్లలుండారు సామీ" అని తాళాలు సర్వేయర్ చేతిలో పెట్టి బస్సు ఎక్కినాడు. వారం తిరక్కుండా తిరుత్తణి నుంచి ఆర్డీఓ మేడం విచారణకు వచ్చినారు. మిట్ట పక్కనే షామియానా వేసినారు. కుర్చీలు మావాళ్లకు, నేల వాళ్లకు. కుర్చీలు వేసింది నేనే.

మామ లేచినాడు. అప్పటికి ఎనభై దగ్గర, అయినా గొంతు తగ్గలేదు.

"మేడం, మా పెద్దోళ్లు రాయలవారి కాలంలో ఇక్కడికి వచ్చినారు. అడివి కొట్టినారు, ఊరి ఏరి తవ్వినారు, నేలను నేల చేసినారు. అప్పుడు ఇక్కడ ఎవురుండారు? పాములుండాయి."

ముసలామె మనవరాలు లేచింది. తిరువళ్లూరు కాలేజీలో చదివిన పిల్ల. "పాములుండాయంటే, పట్టేవాళ్లు కూడా ఉండాల గదా పెద్దయ్యా" అంది.

షామియానాలో నవ్వు లేచింది. మేడం కూడా తల వంచుకున్నారు. మామకు నవ్వు రాలేదు.

"అయితే ఏందమ్మా? ఎప్పుడో మా తాతకు తాత వచ్చినాడని ఈపొద్దు నేను నేరస్తుడినా? నేను పుట్టిందీ ఈ మట్టిలోనే. నన్ను యాడికి పొమ్మంటావు?"

"మిమ్మల్ని ఎవురు పొమ్మన్నారు? మీ తాత తాతను ఎవురు అడిగినారు? మీరు ఏరి తవ్వినారు, మేమూ ఆ నీళ్లే తాగినాం. ఆ లెక్క మాకొద్దు. రేపు చేయబోయేది వద్దంటున్నాం. ఆసుపత్రి మాకూ కావాల. కాన్పుల్లో మా అవ్వ చేతుల్లో పోయిన బిడ్డల్ని మీరు లెక్కపెట్టలేదు. కానీ మా తల్లి నెత్తిన కాదు."

"తల్లి అంటే కాయితం యాడ? రిజిస్టర్లో గుడి అని ఉండాదా?"

"మా తల్లికే కాదు పెద్దయ్యా, మాకే కాయితం లేదు. ఇరులోళ్లమని సర్టిఫికెట్ ఇవ్వమని మా నాయిన తాలూకాఫీసు చుట్టూ తిరిగి తిరిగి చనిపోయినాడు. మేం లేమంటారా?"

మేడం ఇరులోళ్లు ఇచ్చిన పిటిషన్ తిరగేసినారు. లేచి మిట్ట ఎక్కి రాళ్లు చూసినారు. మళ్లీ కాయితం చూసినారు.

"ఏడుగురు కన్నియమ్మలని రాసినారు. ఇక్కడ ఆరే ఉండాయి."

మామ నవ్వినాడు. "అదే మేడం నేను చెప్పేది. నిన్నా మొన్నా తెచ్చి నాటినారు. నాటినోళ్లకు లెక్క కూడా సరిగ్గా రాలేదు."

ఈసారి నవ్వు మావాళ్ల కుర్చీల్లోనుంచి వచ్చింది. ఆ పిల్ల మొఖం ఎర్రబడింది. అవ్వ వైపు తిరిగింది. ముసలామె మాత్రం నేలమీద పుల్లతో గీతలు గీస్తా ఉండాది. నా వైపు చూడను కూడా చూడలేదు. చూసుంటే బాగుండేది.

మేడం నన్ను పిలిచినారు. "తలయారీ, నీకు ముప్పై ఏండ్ల సర్వీసు. ఊరి రాళ్లన్నీ నీకు తెలుసంట. చెప్పు, మొదటినుంచి ఇక్కడ ఎన్ని ఉండాయి?"

ఎదురుగా మామ కూర్చొని ఉండాడు, చేతికర్ర మీద గడ్డం ఆనించి. నాకు పిల్లనిచ్చినోడు, కూడు పెట్టినోడు. నాలుగు నెలలు గడిస్తే శాలువా కప్పి పంపిస్తారు. ఒక్క మాట మారితే ఛార్జిషీటుతో పంపిస్తారు. అరికాళ్లలో చెమట. అరికాళ్లకు చెమట పడతాదని ఆపొద్దే తెలిసింది.

"ఆరు మేడం" అన్నాను.

మేడం రాసుకోవడం మొదలుపెట్టినారు. పెన్ను గీసే చప్పుడు వినపడింది నాకు. మనవరాలు "అవ్వా, నువ్వన్నా చెప్పు, ఏడు గదా" అంది.

ముసలామె పుల్ల కింద పెట్టింది. "పోనీ బిడ్డా, ఆరని రాసుకోనీ. తలారయ్యకు నాలుగు నెలలే ఉండాది. ఏడోది యాడుండాదో దానికే తెలుసు."

ఆమెకు తెలుసు. ముప్పై ఏండ్లూ ఆమెకు తెలుసు. అయినా నన్ను వదిలేస్తా ఉండాది. తిట్టుంటే తట్టుకునేవాడిని బిడ్డా, శపించినా తట్టుకునేవాడిని. నా నాలుగు నెలల్ని ఆమె లెక్కపెట్టి పెట్టుకోవడం నావల్ల కాలేదు.

"మేడం, ఆ ఆరు కొట్టేయండి" అన్నాను. "ఏడు."

"ఏంది?"

"ఏడు మేడం. ఏడోదాన్ని పీకింది నేను. అదిగో, సర్వేయర్ సారు మిషను పెట్టి కొలిచిన రాయి, అదే. ఆ చోటు కూడా తప్పు. అసలు మూల ఇంకా అరవై అడుగులు అవతల, తోపు లోపల."

ఎవురో కుర్చీ వెనక్కి తోసిన చప్పుడైంది. మామ కాదు. మామ కదల్లేదు. నన్నే చూస్తా, మెల్లగా, "ఒరే, నీ పెండ్లాం ఎవురి బిడ్డో గుర్తుండాదా?" అన్నాడు.

"ఉండాది మామా" అన్నాను.

మేడం నమ్మలేదు. నమ్మాల్సిన పనీ లేదు. "నిరూపించు" అన్నారు. గడ్డపార నా చేతికే ఇచ్చినారు. మిట్టమీద ఆరో రాయి పక్కన తవ్వినాను. చేతులు వణికి రెండుసార్లు నా కాలిమీదే పడబోయింది. మోకాలి లోతున మెత్తటి మట్టి, దాంట్లో మట్టి పిడత పెంకులు బయటపడినాయి. ఆపొద్దు పగిలిన పిడతే. సర్వేయర్ పాత పటం తీసి, ఈసారి ఏరి తూమునుంచి కొలుచుకుంటా తోపులోకి పోయినాడు. మూడో మామిడిచెట్టు మొదట్లో తవ్విస్తే, ట్రాక్టరు విరగ్గొట్టిన పాత రాయి అడుగుముక్క అట్లనే నాటుకొని ఉండాది.

ఇరులోళ్లు నలుగురు పోయి ఏడోదాన్ని పెకలించి, భుజాలమీద మోసుకొచ్చినారు. గుంతలో దించితే చెప్పులో కాలు పట్టినట్టు పట్టింది. ముసలామె కొంగులోనుంచి పసుపు తీసి పూసింది. రాయి పక్కనే నిలబడి, మేడం వినేటట్టే అంది:

"ఏం చేసేది తల్లీ, మాలో ఒక్కరికీ గవర్నమెంటు ఉద్యోగం రాలేదు. మా ఏడుగుర్లో ఒకతికి వచ్చిందిలే అనుకొని సరిపెట్టుకున్నాం. ఈపొద్దు రిటైరయి ఇంటికొచ్చింది."

మేడం నవ్వినారో ఏడ్చినారో, మొఖం అటు తిప్పుకున్నారు.

అందరూ పోయినాక నేను ఆమె దగ్గరికి పోయినాను. మొదటిసారి "అవ్వా" అని పిలిచినాను. "తెలిసీ ఎందుకు అరవలేదు?" అని అడిగినాను.

"అరిచుంటే నువ్వేం చేసుంటావు? భయపడి తీసి ఏరిలో పారేసుంటావు. భయపడేవాడి చేతిలో అమ్మను పెట్టి గట్టిగా అరవకూడదు తలారయ్యా. యాడన్నా నిలబడి ఉండాది గదా అనుకున్నాం."

"మరి ఆ పసుపు?"

"పూయకుండా ఎట్లా? ఏటా నేను పూసేదాన్ని. ఏటా నువ్వు నీళ్లు తెచ్చి తలకుపోసి, రుద్ది, తువ్వాలతో తుడిచేవాడివి. మా గుడిసెల్లో నవ్వుకొనేవాళ్లం, తలారయ్య మన అమ్మకు తలంటి పోస్తా ఉండాడని. నీ అంత శ్రద్ధగా మావాళ్లే పోయలేదు."

తరవాత సంగతి అంత తీయగా లేదు. నాకు మెమో వచ్చింది, విచారణ జరిగింది, శాలువా లేదు. ఆసుపత్రి తోపు పక్కన కట్టినారు గానీ, మామ కోర్టుకు పోయినందువల్ల రెండేండ్లు పునాదిలోనే నిలిచింది. కొందరు మావాళ్లు ఇప్పటికీ నన్ను చూస్తే దోవ మారతారు. ఆపొద్దు ఇంటికొస్తే మీ అత్త అన్నం పెట్టి, ఎదురుగా కూర్చొని, "మా నాయినింటికి దోవ మూసేసినావు" అంది. గ్లాసులో నీళ్లు పోస్తా, "ఆ నీళ్ల సీసాలు ఇందుకా" అంది. అంతే, ఇంక ఏమీ అడగలేదు. మామ చనిపోయినప్పుడు ఆమెను వాకిట్లోనే నిలబెట్టినారు. దానికి బదులు చెప్పేదానికి నా దగ్గర ఏ రాయీ లేదు.

ముసలామె ఇప్పుడు లేదు. ఏడోదాని తలమీద నేను చెక్కిన గుణకారం గుర్తు మాత్రం అట్లనే ఉండాది. అరగదీయిస్తానంటే మనవరాలు వద్దంది, "ఉండనీ తాతా, కుంకుమ నిలిచేదానికి చోటయింది" అని. ఏటా అజమాయిషీ నెల వస్తే నేనూ మీ అత్తా రెండు సీసాలు నీళ్లు తీసుకొని పోతాం. ఎవురూ రమ్మనరు, ఎవురూ పొమ్మనరు. నేను నీళ్లు పోస్తాను, ఆమె తుడుస్తాది. తల్లిమీద చెయ్యి వేసేటప్పుడు ఇప్పటికీ వణుకుతాది. ఆ వణుకు పోతే బాగుండునని మొక్కుకొనేవాడిని. ఈమధ్య మొక్కడం మానేసినాను. ఆ వణుకు ఉన్నన్నాళ్లూ ఏ రాయిమీదా కాలు పెట్టి "ఉండాది సార్" అనను.

పోండి, పొద్దుపోయింది. మీలో ఎవురన్నా రెవెన్యూ పనికి పోతే, అరిచే ముందు వంగి చూడండి. మీ ఇంటి నాలుగు మూలల రాళ్లూ పెద్దోళ్లు నాటినచోటే నిలబడాల. మీ వాకిట్లో తలంటి పోసే చేతులు ఎప్పుడూ ఉండాల. మీ ఇంటి ఆడబిడ్డకు పుట్టినింటి దోవ ఎన్నడూ మూసుకోకుండా ఉండాల. చల్లగా ఉండండి బిడ్డా.